వంత లేని కథ

శబ్దం శుభ్రంగా ఉంటే చాలు, అదే మంచి రికార్డింగు అని చాలా ఏళ్ళు నమ్మాను. తిరువూరులో మైక్ సెట్లు అద్దెకిస్తూ, పెళ్ళి వీడియోలకు మిక్సింగు చేస్తూ బతికినవాణ్ణి. ఫ్యాను చప్పుడు, కుక్క అరుపు, పక్కింటి కుక్కరు విజిలు, ఎవరో దగ్గటం, పిల్లాడి ఏడుపు, ఇవన్నీ మా పనిలో తీసి పారేయాల్సినవి. వాటిని ఎంత నీటుగా తీస్తే అంత పనిమంతుడని పేరు. ఆ పనితనంతోనే ఒక బుర్రకథకుడి కథను పాడుచేశాను. ఆయన జీవితం మొత్తంలో జరిగిన ఒకే ఒక్క రికార్డింగు అది. ఎలా పాడుచేశానో చెప్పాలంటే 1938లో చనిపోయిన ఒక అమెరికా గాయకుడి సంగతి ముందు చెప్పాలి. ఆ పని చేస్తున్నంతసేపూ నా చెవుల్లో ఉన్నది ఆయన పాటే.

మా అక్క కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తాడు. పాత రికార్డులంటే నాకున్న ఇష్టం తెలిసినవాడు. ఒక సంక్రాంతికి వస్తూ రెండు సీడీల పెట్టె తెచ్చిచ్చాడు. రాబర్ట్ జాన్సన్ అనే బ్లూస్ గాయకుడు పాడినవన్నీ అందులో ఉన్నాయి. అన్నీ అంటే 29 పాటలే. 1936 నవంబరులో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో, గంటర్ హోటల్ గదిలో కొన్ని పాడాడు. 1937 జూన్‌లో డాలస్‌లో, 508 పార్క్ అవెన్యూ అనే భవనంలో మిగతావి పాడాడు. ఆ మరుసటి ఏడాది ఆగస్టు 16న మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ దగ్గర చనిపోయాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు. మా వాడు ఆ పార్క్ అవెన్యూ భవనం ముందు నిలబడి తీయించుకున్న ఫొటో కూడా చూపించాడు.

బ్లూస్ గురించి తెలియని వాళ్ళకు రెండు మాటలు. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం పోయాక కూడా దక్షిణాది పత్తి చేలల్లో నల్లజాతి వాళ్ళు భూస్వాముల అప్పులకు కట్టుబడి కౌలు సేద్యం చేస్తూనే బతికారు. వాళ్ళ పొలం పాటల్లోంచి, చర్చి పాటల్లోంచి పుట్టిన సంగీతం బ్లూస్. ఒక మాట పాడతారు, అదే మాట మళ్ళీ పాడతారు, మూడోసారి దానికి జవాబులాంటి మాట పాడతారు. చాలా పాటల అల్లిక ఇంతే. తిరువూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో పత్తి తీసే కూలీల మధ్య పెరిగిన నాకు, భాష అర్థం కాకపోయినా ఆ పాట వెనక ఉన్న ఎండ తెలుస్తున్నట్టే ఉండేది.

ఆ గిటారు నన్ను నిద్రపోనివ్వలేదు. కింది తీగల మీద నడక, పై తీగల మీద మాట, రెండూ ఒకేసారి. రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ కుర్రతనంలో ఈ రికార్డు మొదటిసారి విని, పక్కన వాయిస్తున్న ఆ రెండోవాడు ఎవరని అడిగాడట. రెండోవాడు లేడు. ఒక్కడే. బతికుండగా ఆయన రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. 1961లో కొలంబియా కంపెనీ వాటిలో కొన్నిటిని ఎల్పీగా వేస్తే, సముద్రానికి అటు ఇంగ్లండులో ఉన్న కుర్రాళ్ళు దాన్ని విని గిటారు పట్టారు. వాళ్ళలో ఒకడైన ఎరిక్ క్లాప్టన్ తన గురువులందరి పైన ఆయన్ని పెట్టుకున్నాడు. 1990లో అన్ని పాటలూ కలిపి వేసిన పెట్టె పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆయనవి బయటపడ్డ ఫొటోలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకు ఆత్మ అమ్ముకుని ఆ విద్య సంపాదించాడని ఒక కథ కూడా అల్లారు. ఇవన్నీ కలిసి నా మనసులో ఒక బొమ్మ కట్టాయి: ఒక మనిషి, ఒక గిటారు, ఖాళీ గది, చుట్టూ ఎవరూ లేరు. గొప్ప పాట అంటే అదేనని, గొప్ప రికార్డింగంటే ఆ ఒంటరి గొంతును పట్టుకోవడమేనని తీర్మానించుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చాడు బాబాయ్. రక్తసంబంధం లేదు, మా ప్రాంతంలో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. తిరువూరుకు దగ్గర్లోని ఒక పల్లెలో కౌలుకు మిరప, పత్తి వేసేవాడు. వయసులో ఉండగా తిరునాళ్ళకు, శివరాత్రి జాగారానికి, శ్రీరామనవమి పందిళ్ళకు బుర్రకథ చెప్పేవాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఈ మూడూ ఆయన కంఠంలో ఉండేవి. షేక్ నాజర్ గారి కథ విని కథ చెప్పడం మొదలుపెట్టిన ఒక గురువు దగ్గర తాను నేర్చుకున్నానని ఎప్పుడూ చెప్పుకునేవాడు. నాజర్ పేరు ఎత్తితే రెండు చేతులూ జోడించేవాడు.

నాజర్ గురించి మా తర్వాతి తరానికి చెప్పేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టాడు. హార్మోనియం, సంగీతం నేర్చుకుని, నాటకాల్లో వేషాలు కట్టి, కడుపు నింపుకోవడానికి రకరకాల పనులు చేసి, చివరికి కమ్యూనిస్టు ఉద్యమంలోకి, ప్రజానాట్యమండలిలోకి వచ్చాడు. ఊరూరా తిరిగే జంగాల నోట ఉన్న పాత కథారూపాన్ని ఆ రోజుల్లో కొత్త వస్తువుతో వేదిక ఎక్కించారు. నాజర్ దానికి శాస్త్రీయ సంగీతాన్ని, నటనను, వీరరసాన్ని కలిపి వేలమంది కదలకుండా కూర్చుని వినే కళగా మార్చాడు. 1943 బెంగాల్ కరువు మీద కథ చెప్పాడు. కృష్ణా జిల్లాలో మోటూరి ఉదయం లాంటి ఆడవాళ్ళు కూడా దళం కట్టి కథ చెప్పిన కాలం అది. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో అల్లూరి బుర్రకథ నాజర్‌దే. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో కన్నుమూశాడు. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి రాసిన జీవితకథ పేరు పింజారి. పత్తి ఏకే కులం పేరునే పుస్తకానికి పెట్టుకున్న మనిషి. మిసిసిపీ పత్తి చేల గాయకుడి పక్కన ఆయన్ని నిలబెట్టి చూడటం నాకు ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. ఇద్దరి పాటా మట్టిలోంచి వచ్చింది, ఇద్దరి తర్వాతా వాళ్ళలా పాడాలని వందలమంది బయల్దేరారు. నేను తప్పు చేసింది వాళ్ళిద్దరినీ పోల్చడంలో కాదు. ఇద్దరినీ తప్పుగా వినడంలో.

బాబాయ్ కథకు నా చిన్నప్పటినుంచీ మైకు పెట్టినవాణ్ణి. ముందు మా నాన్న వెంట, తర్వాత నేనే. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, చేతి వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ళ చేతుల్లో గుమ్మెటలు. కథకుడు ఒక ముక్క పాడి వెనక్కి అడుగు వేయగానే వంతలు తందాన అందుకుంటారు. ఒక వంత రాజకీయం మాట్లాడతాడు, ఇంకొకరు హాస్యం. కథ పన్నెండో శతాబ్దపు పల్నాడులో జరుగుతుంటే హాస్యం వంత అడ్డం వచ్చి ఈ ఏడు మన ఊళ్ళో మిర్చి ధర ఎంత పలికిందో అడుగుతాడు. బాబాయ్ దళంలో హాస్యం చెప్పేది ఆయన సొంత బావమరిదే. ఆయన్ని మేం మావయ్య అనేవాళ్ళం. రాజకీయం చెప్పేది ఒక దర్జీ. ఆయన మా కథ నాటికి మంచాన ఉన్నాడు.

నేను బాబాయ్ ఇంటికెళ్ళి అడిగాను. పల్నాటి యుద్ధం మొత్తం రికార్డు చేస్తానని, సీడీ చేస్తానని, పైసా అక్కర్లేదని చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. "బావమరిదిని తీసుకొస్తా, రాజకీయానికి ఎవరో ఒక కుర్రాణ్ణి చూసుకుంటా" అన్నాడు. వద్దన్నాను. ఆయన గొంతు ఒక్కటే కావాలన్నాను. గుమ్మెటలు ఉంటే గొంతు మునిగిపోతుందన్నాను. అందెలు మైకులో చిటపటలాడతాయన్నాను. హాస్యం పాతబడిపోతుంది, కథ మాత్రం ఎప్పటికీ ఉంటుందన్నాను. ఆ మాటలన్నీ నమ్మే అన్నాను.

ఆయన కాసేపు తంబుర తీగ సవరించుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "వంత లేకపోతే నేను ఎవరికి చెప్పాలి అబ్బాయ్?" అన్నాడు.

"మైకుకు చెప్పండి బాబాయ్" అన్నాను.

ఆ జవాబు ఇప్పుడు తల్చుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆయన మాత్రం మైకుల సంగతి నాకే బాగా తెలుసనుకుని ఒప్పుకున్నాడు. కాదనడం ఆయనకు చేతకాదు. ఆ మంచితనాన్ని నేను ఒప్పుకోలుగా లెక్కేశాను.

మా షాపు వెనక గదిలో గోడలకు దుప్పట్లు కట్టాను. ఫ్యాను ఆపేశాను. విజయవాడ నుంచి కొత్తగూడెం వైపు పోయే రోడ్డు మీద మామిడి కాయల లారీలు సద్దుమణిగాక, బాగా పొద్దుపోయాకే మొదలుపెట్టేవాళ్ళం. శాన్ ఆంటోనియో హోటల్ గదిలో రాబర్ట్ జాన్సన్ గోడవైపు తిరిగి కూర్చుని పాడాడని చదివి, బాబాయ్ స్టూలును కూడా గది మూలకు తిప్పి వేశాను. జాన్సన్ అలా కూర్చున్నది సిగ్గువల్లనని కొందరంటారు, మూల గోడలకు కొట్టుకుని గిటారు శబ్దం నిండుగా వస్తుందని తెలిసే అలా కూర్చున్నాడని కొందరు సంగీతకారులంటారు. ఏదైనా అది ఆయన ఎంచుకున్న చోటు. బాబాయ్ చోటు నేను ఎంచాను. జీవితమంతా జనం కళ్ళలోకి చూస్తూ, ముందుకూ వెనక్కూ గంతులేస్తూ కథ చెప్పిన డెబ్బై ఏళ్ళ మనిషిని గోడకేసి కూర్చోబెట్టి కదలొద్దన్నాను.

కొన్ని రాత్రులు పట్టింది. గొంతు బాగానే పలికింది. కానీ ప్రతి ముక్క చివరా ఆయన ఆగేవాడు. తందాన రావాల్సిన చోట, భళా అనాల్సిన చోట, హాస్యం అడ్డం పడాల్సిన చోట, తల కొంచెం పక్కకు తిప్పి ఆగేవాడు. కొన్ని చోట్ల ఒక్క గుక్క, కొన్ని చోట్ల చాలాసేపు. ఆ విరామాల్లో ఒకటి రెండు సార్లు తనలో తానే నవ్వుకున్నాడు కూడా. ఏం తల్చుకుని నవ్వారని నేను అడగలేదు. హెడ్‌ఫోన్లో నాకు నిశ్శబ్దం వినిపించింది, టైము పోతోందనిపించింది.

తర్వాత కంప్యూటర్లో కూర్చుని ఆ నిశ్శబ్దాలన్నీ కత్తిరించాను. అందుకు సాఫ్ట్‌వేరులో ఒక సదుపాయం ఉంటుంది, ఒక్క నొక్కుతో ఖాళీలన్నీ పోతాయి. అది సరిగ్గా తీయనివి చేత్తో తీశాను. నవ్వులు తీశాను. మరిచిపోయి నోట్లోంచి వచ్చిన "ఏమంటావురా తమ్ముడా" లాంటి పిలుపులు తీశాను, పక్కన తమ్ముడు లేడు కదా అని. కథ మొదటినుంచి చివరిదాకా తెరపై శబ్దపు గీత ఎక్కడా పడుకోకుండా వచ్చింది. ఆ రాత్రి చాలా తృప్తిగా పడుకున్నాను. హార్డ్ డిస్కులో చోటు చాలక, రాబోయే పెళ్ళిళ్ళ సీజను కోసం, అసలు ఫైళ్ళు చెరిపేశాను.

ఆ చెరపడం ఒక్కటీ చేయకపోతే ఈ వ్యాసం అక్కర్లేకపోయేది.

సీడీ విని బాబాయ్ "గొంతు భలే పలికింది" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. రెండేళ్ళకు కాలం చేశాడు. పెద్దకర్మ రోజు సంస్మరణ సభ పెట్టారు. నా సెట్టే, నా స్పీకర్లే. వేదిక మీద ఆయన ఫొటో పెట్టి ఈ రికార్డింగు వేశాను. 1938 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్లో జాన్ హామండ్ అనే ఆయన నల్లజాతి సంగీతంతో పెద్ద కచేరీ పెట్టి, రాబర్ట్ జాన్సన్‌ను పిలుద్దామని కబురు చేస్తే, అప్పటికే పోయాడని తెలిసిందట. వేదిక మీద గ్రామఫోను పెట్టి ఆయన రికార్డులు రెండు వినిపించారు. ఆ సంగతి చదివిన నేను, తిరువూరులో నేనూ అలాంటి పనే చేస్తున్నానని గర్వపడ్డాను. కథ సాగుతుంటే జనం మొదట శ్రద్ధగా విన్నారు, కాసేపటికి మాటల్లో పడ్డారు. భోజనాల వేళైందేమో అనుకున్నాను.

ముందు వరసలో మావయ్య కూర్చున్నాడు. ఆయన ఒళ్ళో గుమ్మెట ఉంది. దాన్ని ఎందుకు తెచ్చాడో అప్పుడు నాకు తట్టలేదు. కోడిపందెం ఘట్టం వచ్చింది. బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ మధ్య పందెం. మావయ్య నోరు తెరిచాడు. అప్పటికే బాబాయ్ తర్వాతి మాటలోకి వెళ్ళిపోయాడు. మావయ్య చెయ్యి గుమ్మెట మీదికి వెళ్ళింది, ఆగింది. మళ్ళీ ఇంకో చోట ప్రయత్నించాడు. అక్కడా చోటు లేదు. మూడోసారి "బావా, ఆగవయ్యా" అని పైకే అన్నాడు. పక్కవాళ్ళు ఆయన దుఃఖంలో ఉన్నాడనుకుని భుజం మీద చెయ్యి వేశారు.

సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి, కోపం లేకుండానే అడిగాడు: "మా బావ ఎప్పుడూ నాకు సందు ఇవ్వకుండా చెప్పలేదు అబ్బాయ్. ఇందులో ఎందుకు ఇవ్వలేదు?"

ఇచ్చాడని, నేనే తీసేశానని అప్పుడు చెప్పలేకపోయాను. చాలాకాలం తర్వాత చెప్పాను.

ఆ ప్రశ్న నన్ను మళ్ళీ ఆ డాలస్ సీడీల దగ్గరికి పంపింది. ఈసారి పాటతో పాటు జాన్సన్ గురించి రాసినవీ వెతికి, మేనల్లుడి చేత అర్థం చెప్పించుకున్నాను. రాబర్ట్ జాన్సన్‌తో కలిసి ఊళ్ళు తిరిగిన జానీ షైన్స్ అనే గాయకుడు ఏం చెప్పాడంటే, ఆయన బ్లూస్ ఒక్కటే పాడేవాడు కాదు. రేడియోలో విన్న సినిమా పాటలు, తెల్లవాళ్ళ పల్లె పాటలు, డాన్సు పాటలు, జనం ఏది అడిగితే అది వాయించేవాడు. ఆయనకు చెల్లెలి వరస అయిన ఆనీ ఆండర్సన్ 2020లో వచ్చిన పుస్తకంలో కూడా ఇంట్లో పిల్లలు అడిగిన పాటల్లా పాడిన అన్నయ్యే కనిపిస్తాడు. శనివారం రాత్రి సారా కొట్లలో జనం అరుస్తుంటే, గెంతుతుంటే పాడిన మనిషి. మరి 29 పాటల్లో దాదాపు అంతా బ్లూసే ఎందుకుంది? కంపెనీకి అదే కావాలి గనుక. నల్లవాడు బ్లూస్ పాడితేనే ఆ రికార్డు అమ్ముడుపోతుందని వాళ్ళ లెక్క. 78 స్పీడు రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే పడుతుంది కాబట్టి పాట మూడు నిమిషాలకు కుదించుకుంది. ఖాళీ గదిలో ఒంటరి మనిషి అనే నా బొమ్మ రికార్డింగు గది గీసిన బొమ్మ. పాట ఆ గదిలో పుట్టలేదు.

1941, 42లలో మిసిసిపీ డెల్టాలో పాటలు సేకరించడానికి వెళ్ళిన వాళ్ళ సంగతీ ఇలాంటిదే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయం తరఫున జాన్ వర్క్ అనే నల్లజాతి సంగీతాచార్యుడు కలిసి వెళ్ళారు. తర్వాత పెద్ద బ్లూస్ గాయకుడైన మడ్డీ వాటర్స్ గొంతు మొదటిసారి రికార్డయింది అప్పుడే. ఫిస్క్ బృందం ఊరి కొట్లలో డబ్బులేస్తే పాడే పెట్టెల్లో ఏ రికార్డులున్నాయో కూడా రాసిపెట్టింది. పట్నం పెద్ద బ్యాండ్ల పాటలు, కొత్త పాటలు వాటి నిండా ఉన్నాయి. ఆ పల్లెవాళ్ళు వింటున్నది అవి. పుస్తకాల్లోకి, ఆల్బముల్లోకి ఎక్కింది మాత్రం సేకర్తలు పాతవనుకున్న పాటలు. లోమాక్స్ పేరు ప్రపంచానికి తెలిసింది. జాన్ వర్క్ రాసిన రాతప్రతి దశాబ్దాలు మరుగున పడి 2005లో గానీ అచ్చు కాలేదు. పక్కన నిలబడి పలికినవాడి పేరు రాలిపోవడం ఒక్క బుర్రకథకే పట్టిన గతి కాదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది గిటారు. మావయ్య ప్రశ్న చెవిలో పెట్టుకుని విన్నాను కదా, ఈసారి తెలిసింది. జాన్సన్ గొంతు ఒక మాట అని ఆగుతుంది. ఆగిన చోట గిటారు జవాబు చెబుతుంది. ఒక్కోసారి వెక్కిరిస్తుంది, ఒక్కోసారి మిగిలిన మాటను అదే పూర్తిచేస్తుంది. ఆ మనిషి తన వంతను తన చేతుల్లోనే మోసుకు తిరిగాడు. కీత్ రిచర్డ్స్ రెండోవాడు ఎవరని అడిగింది సరైన ప్రశ్నే. చెవి ఉన్నవాడు ఇద్దర్ని విన్నాడు. నేను ఒకణ్ణే విన్నాను. ఆ పొరపాటు వినికిడినే తెచ్చి బాబాయ్ మీద పెట్టాను.

నాజర్ విషయంలోనూ అంతే. ఆయన కథ అంటే నాకు ఎప్పుడూ ఆయన తలపాగా, ఆ కంచుగొంతు, ఆ గంతు గుర్తొచ్చేవి. ఆయన పక్కన నిలబడిన రామకోటి, పురుషోత్తం ఎవరు, వాళ్ళు ఏం మాట్లాడేవాళ్ళు అని ఒక్కనాడూ అడగలేదు. 1940ల్లో మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించింది. దేనికి భయపడి ఉంటారు? పల్నాటి కథలో బాలచంద్రుడు కారంపూడిలో చనిపోతే ఏ దొరకూ ఏమీ కాదు. కథ మధ్యలో వంత పక్కకు తిరిగి జమీందారు సంగతి, పోలీసు సంగతి, బియ్యం దాచిన వ్యాపారి సంగతి ఎత్తుతాడు చూడండి, అక్కడ కూర్చుని ఉంటుంది ఆ భయం అని నా నమ్మకం. ప్రభుత్వాన్ని వణికించిన భాగాన్ని నేను పాతబడిపోయే సరుకని తీసేశాను. దానితోపాటు మా ప్రాంతం సంగతులూ పోయాయి. కోడిపందెం ఘట్టంలో మావయ్య సంక్రాంతి బరుల గురించి, పందెంలో ఎకరాలు పోగొట్టుకున్న వాళ్ళ గురించి, ఎన్నికల్లో గెలిచి కనిపించకుండా పోయిన వాళ్ళ గురించి ఏడాదికో రకంగా చెప్పేవాడు. ఒక్కో ఏడాది తిరువూరు జనం దేనికి నవ్వారో, దేనికి ఉడుక్కున్నారో అందులో ఉండేది. పల్నాటి యుద్ధం కథ పుస్తకాల్లో దొరుకుతుంది. అది ఎక్కడా దొరకదు.

అందుకే ఇప్పుడు నా పని పద్ధతి మారింది. ఏ జానపదుల దగ్గరికి వెళ్ళినా దళం మొత్తం వస్తేనే మైకు తీస్తాను. ఒక మైకు కథకుడికి, ఒకటి వంతలకు, ఒకటి తప్పకుండా జనం వైపు. పిల్లాడు ఏడ్చినా, పొయ్యి మీద టీ పొంగినా ఆపను. కూర్చుని చెప్పమని ఎవరినీ అడగను. అసలు ఫైలు రెండు చోట్ల దాచాకే ఇంకో పని. కుర్రాళ్ళు ఫోన్లో తీస్తున్నామని వస్తే నేను చెప్పే మొదటి మాట, కెమెరా కథకుడి మొహం మీదే పెట్టి ఉంచకండని. వంత మొహం చూడండి, కథ అక్కడ పండుతుంది.

బాబాయ్ ఫైలు మాత్రం అలాగే ఉంది. చెరిపిన నిశ్శబ్దాలు ఎక్కడినుంచీ తిరిగి రావు. మావయ్యకు నిజం చెప్పిన రోజున ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆపుతూ వెయ్యి, నేను పలుకుతా" అన్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నాలు షాపుకు వస్తున్నాడు. ఆయన మనవరాలు, తొమ్మిదో తరగతి పిల్ల, సెలవుల్లో తోడు వస్తుంది. నేను రికార్డింగులో ఒక ముక్క వేసి ఆపుతాను. ఆ పిల్ల అదే ముక్కను పాడుతుంది. ఆయన తందాన అందుకుంటాడు, అడ్డం వస్తాడు, తిడతాడు, నవ్విస్తాడు. "ఇక్కడ మా బావ నావైపు తిరిగేవాడు, నువ్వూ తిరుగు" అని ఆ పిల్లకు చెబుతాడు. ఎంతసేపు ఆగాలో ఆయనే చేత్తో చూపిస్తాడు. నేను వరస తప్పకుండా నోటు పుస్తకంలో రాసుకుంటాను, మూడు మైకుల్లోనూ పడుతుంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

కోడిపందెం వచ్చినప్పుడు, ఆ రోజుల్లో మీరు చెప్పిన హాస్యమే చెప్పండి మావయ్యా, భద్రం చేసుకుందాం అని అడిగాను. ఒప్పుకోలేదు. "ఆ ఏటి మాట ఆ ఏటికే. ఈ ఏటిది చెప్తా, రాసుకో" అని, ఈ సంక్రాంతికి జరిగిన సంగతి మొదలుపెట్టాడు. మనవరాలు పాట మరిచిపోయి పగలబడి నవ్వింది. ఆ నవ్వు కూడా ఫైలులో ఉంది.

నోటు పుస్తకం ఒకటి నిండింది. కోడిపందెం, నాగమ్మ గెలుపు, మాచర్ల వాళ్ళ వలస అయ్యాయి. బాలచంద్రుడు బొంగరం చేత పట్టి వాకిట్లోకి వచ్చాడు, ఆడొద్దని వాళ్ళమ్మ ఐతాంబ ఆపుతోంది. ఆ తల్లీకొడుకుల మధ్య హాస్యం వంత దూరే చోట్లు చాలా ఉన్నాయంటున్నాడు మావయ్య, ఈ వారమంతా దాని మీదే ఉందామంటున్నాడు. కారంపూడి ఇంకా చాలా దూరం.